సికింద్రాబాదు మహిళా మండలిలో అతిథుల సాయంకాలములు



యాత్ర యనగానే మనకు కాశీయు, రామేశ్వరమును, తిరుపతియు జ్ఞప్తికి వచ్చును. అంతటి యాత్రలు జన్మమున కొకటి రెండు మార్లు లభించిన లభించును, లేకున్న లేదు. నేను నెలకొక మారు చేయు యాత్ర యొకటి కలదు. రెండవ శనివారమునాడు మధ్యాహ్నపు పనులు ముగించుకొని, మా వారికిని పిల్లలకును ఫలహారము మూతవేసి యుంచి, రెజిమెంటల్ బజారులోని మా యింటినుండి వెస్ట్ మారేడుపల్లిలోని మహిళా మండలి మందిరమునకు నడచి పోవుదును. ఆ సాయంకాలమున ఎవరో యొక యతిథి వచ్చి మాకు ప్రసంగింతురు. ఆ త్రోవను గూర్చియు, ఆ సాయంకాలములను గూర్చియు, వానివలన నేను నేర్చిన యొక పాఠమును గూర్చియు మీతో ముచ్చటింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సికింద్రాబాదు మన పురాణ నగరముల వంటి ప్రాచీన నగరము కాదు. 1798లో నిజామునకును ఆంగ్లేయులకును జరిగిన సంధి ననుసరించి వచ్చిన దండు హుస్సేను సాగరమునకు ఉత్తరపు దిక్కున విడిసినది. 1806లో మూడవ నిజామైన సికందరు జా పేర నీ యూరికి నామకరణము జరిగినది. దండు పోయినను దాని పేరులు పోలేదు. మా వీధి పేరే రెజిమెంటల్ బజారు. అచ్చటినుండి బయలుదేరి, కొంచెము చుట్టు త్రోవయైనను, ఉజ్జయినీ మహంకాళి గుడి ముందుగా పోయి, నమస్కరించుకొని, పిదప ముందునకు సాగుట నా వాడుక.

ఈ గుడి కథ మీలో పెక్కుమంది యెరిగినదే. 1813లో ఈ ప్రాంతమున కలరా ప్రబలినపుడు, దండుతో ఉజ్జయినికి పోయియున్న సురిటి అప్పయ్య యను డోలీ మోయువాడు, తన యూరివారు బ్రతికి బయటపడినచో అమ్మవారిని ప్రతిష్ఠింతునని మ్రొక్కుకొనెననియు, 1815లో నిచ్చట కొయ్య విగ్రహమును నిలిపెననియు స్థలచరిత్రము చెప్పును. ఆషాఢమున ఎందరో స్త్రీలు బోనము లెత్తుకొని వచ్చు ఈ జాతరకు మూలము ఒక బోయీ మ్రొక్కు. ఈ సంగతిని నేను ఎన్ని మారులో విని యుంటిని. విన్నంత మాత్రమున బుద్ధికి పట్టలేదని ముందు మీకే తెలియగలదు.

గుడి దాటి, 1897లో ప్రారంభింపబడిన గడియార స్తంభము చెంతకు వచ్చి, సరోజినీదేవి రోడ్డు చేరినచో మహబూబు కాలేజీ కానవచ్చును. అది 1862లో స్థాపింపబడిన పాఠశాల. వివేకానందస్వామి చికాగో సభకు పోవుటకు కొన్ని నెలలు ముందుగా, 1893 ఫిబ్రవరి 13వ తేదీని, ఆ కాలేజీలో తన పాశ్చాత్య యాత్రోద్దేశమును గూర్చి ఉపన్యసించెను. ఊరికి వచ్చిన యతిథిచేత నాలుగు మాటలు చెప్పించుకొని వినుట సికింద్రాబాదునకు కొత్త కాదన్నమాట. చిత్రశాల పోయినను పేరు మాత్రము నిలిచిన సంగీత్ చౌరస్తా దాటిన పిమ్మట మారేడుపల్లి వేపచెట్లు కనబడును. ఆ నీడలో పాత మేడ పై యంతస్తున మా మండలి మందిరము. అరువది కుర్చీలు, ఒక చిన్న వేదిక, గోడకు సరస్వతీదేవి పటము, కిటికీ యొద్ద పూలకుండీలు. అంతే.

పురుషులు సభలు చేసికొన్న యంత సులభముగా స్త్రీలు చేసికొనలేదు. మచిలీపట్టణమున 1902లో భండారు అచ్చమాంబగారును, ఓరుగంటి సుందరీరత్నమాంబగారును బృందావన స్త్రీ సమాజమును నెలకొల్పినపుడు, స్త్రీలు ఒకచోట గూడి మాటలాడుటయే వింతగా తోచు కాలము. అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి తోడ్పాటుతో ఇంటనే చదువుకొని, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసిరి. మన తెలంగాణమున 1930లో జోగిపేటలో నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినపుడు, దానితోపాటు జరిగిన మహిళాసభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించిరి. 1934లో ఖమ్మమున యల్లాప్రగడ సీతాకుమారిగారును, 1937లో నిజామాబాదున నందగిరి ఇందిరాదేవిగారును ఆ పీఠము నలంకరించిరి. హైదరాబాదున ఆంధ్ర యువతీ మండలియు ఆ దశకముననే వెలసినది. మేము నేడు కుర్చీలు వేసికొని నిర్భయముగా కూర్చుండుట ఆ తల్లులు పెట్టిన భిక్ష.

నా చదువును గూర్చి యొక మాట చెప్పుకొన్న తప్పు కాదనుకొందును. మా నాయనగారు సాయంకాలమున వీధి యరుగుపై నలుగురు పిల్లలకు భారత భాగవతములు చెప్పుచుండెడివారు. నేను లోపలి గడప కడ్డముగా కూర్చుండి, బియ్యమేరుచు వినెడిదానను. ఒకనాడు ఒక పద్యమునకు అర్థము తెలియక, ఉండబట్టలేక, లోపలినుండియే బిగ్గరగా అడిగితిని. అరుగుమీది పిల్లలు నవ్విరి. మా నాయనగారు నవ్వక, నన్ను బయటకు పిలిచి, వారి ప్రక్కన కూర్చుండబెట్టిరి. నాకు వచ్చిన నాలుగక్షరములు ఆనాటినుండి వచ్చినవే.

ఇక మా సాయంకాలముల సంగతి. నేను మండలికి కార్యదర్శినియై మూడేండ్లయినది. అతిథులను పిలుచుట, దండ తెప్పించుట, స్వాగతము పలుకుట నా పనులు. మంచివారే వచ్చిరి. ఒక తెలుగు పండితురాలు మొల్ల రామాయణమును గూర్చి చెప్పిరి. ఒక బ్యాంకు అధికారిణి వచ్చి, ఫోనులో పోలీసులమని బెదరించి ధనము లాగుకొను మోసగాండ్రను గూర్చి హెచ్చరించి, అట్టి మోసము జరిగిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెనని మాచేత వ్రాయించిరి. ఒక న్యాయవాదిని వచ్చి స్త్రీల ఆస్తిహక్కును విప్పి చెప్పిరి. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టముచే అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారులతో సమానమైన భాగము కలిగెననియు, 2005లో పార్లమెంటు చేసిన సవరణచే వివాహమైన కుమార్తెలకు గూడ ఆ హక్కు దేశమంతట లభించెననియు ఆమె చెప్పగా మేమందరము తలలూపితిమి.

తల లూపుట మాత్రమే చేసితిమి. ప్రసంగము ముగియగానే నేను లేచి, "ఎవరైనను ప్రశ్నలడుగవచ్చును" అందును. ఒక నిమిషము నిశ్శబ్దము. వెంటనే వందన సమర్పణము, ఉప్మా, కాఫీ. మెట్లు దిగునపుడు మాత్రము ఇద్దరిద్దరుగా గుసగుసలు. న్యాయవాదిని కారెక్కి పోయిన పిమ్మట, "మా పుట్టింటి యిల్లు సంగతి అడుగవలసినది కదా" అని యొకరు, "నలుగురిలో నెట్లడుగుదుము" అని మఱియొకరు. ఇది నాకు లోపముగా తోచలేదు. సభ నిరాటంకముగా జరిగినదని సంతోషించి ఇంటికి వచ్చెడిదానను.

మా మందిరము నూడ్చి, కుర్చీలు వేసి, కాఫీ గిన్నెలు కడుగు నామె యొకతె కలదు. వయస్సున నాకంటె పెద్దది. ప్రసంగము జరుగునంత సేపు ఆమె వాకిలి చెంత గోడకానుకొని నిలిచి యుండును. కాఫీకి పిలుపు వచ్చునని వేచియున్నదని నేననుకొంటిని. ఆమె వినుచున్నదని నాకు తోచనే లేదు.

క్రిందటి యేడు ఆగస్టు మాసమున ఒక వైద్యురాలిని పిలిచితిమి. విషయము దోమలు, జ్వరములు. ఆమె మన యూరి కథతోనే ప్రారంభించిరి. 1897 ఆగస్టు 20వ తేదీని, నేడు బేగంపేటలో పరిశోధనాలయముగా నిలిచియున్న భవనమున, రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించుచు, అందు మలేరియా క్రిమి పెరుగుచుండుట కనుగొనెను. చెడుగాలివలన ఆ జ్వరము వచ్చునని తరతరములుగా నమ్మిన లోకమునకు దోమవైపు వ్రేలు చూపిన సాక్ష్యము మన సికింద్రాబాదున దొరకినది. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆ దోమ ఊరక దొరకినది కాదు. హుస్సేన్‌ఖాన్ అను రోగి తన దేహము నప్పగించి కుట్టించుకొన్నది. కుట్టిన దోమ కొక యణా చొప్పున అతనికి ముట్టినదట. "రాసు పేరు మీరందరు విన్నారు, హుస్సేన్‌ఖాను పేరు ఎందరు విన్నారు?" అని ఆమె యడిగిరి. ఎవరును చేయి యెత్తలేదు.

పిదప డెంగీ సంగతి. ఈ దోమ వేఱు జాతిది. ఒంటిపై తెల్లని చారలుండును. పగటి పూట, అందును ఉదయమునను, ప్రొద్దు క్రుంకుటకు ముందును కుట్టును. మురికి కాలువలకంటె మనము వాడుకొనుటకు పట్టి యుంచిన తేట నీటినే యిది కోరును. నీటిమట్టమునకు కొంచెము పైగా పాత్ర గోడకు గ్రుడ్లంటించును. నీరెండిపోయినను ఆ గ్రుడ్లు నెలల తరబడి చావక, మరల నీరు తగిలినపుడు పొదుగును. వారము పది దినములలో దోమయై యెగురును. కావున నిలువనీటిని వారమున కొకనాడు పారబోసి, పాత్రల నారబెట్టవలెనని ఆమె చెప్పి ముగించిరి.

నేను అలవాటు చొప్పున "ప్రశ్నలు" అని, అలవాటు చొప్పున దండకై చేయి చాచితిని. అంతలో వాకిలి కడనుండి ఒక గొంతు వినవచ్చెను.

"డాక్టరమ్మా, నీళ్ళు పారబొయ్యమంటున్నరు. మా బస్తీల నల్లా దినం తప్పి దినం వస్తది. వచ్చినా గంటసేపే. డ్రమ్ముల నింపి పెట్టుకోకుంటే మేమెట్ల బతకాలె? పారబోసే నీళ్ళు మాకేడియమ్మా?"

సోదరీమణులారా, ఇక్కడ నేను చేసిన పని చెప్పుటకు సిగ్గగుచున్నది. నేను వేదికపైనుండి ఆమెవైపు చూచి, పెదవులపై వ్రేలుంచి, ఊరకుండుమని సైగ చేసితిని. అతిథి యెదుట సభా మర్యాద చెడునని నా భయము. గడపలోపల కూర్చుండి ప్రశ్న యడిగిన పిల్లను బయటకు పిలిచి కూర్చుండబెట్టిన తండ్రికి పుట్టినదానను నేనే. సభాపర్వమున ద్రౌపది యడిగిన ప్రశ్నకు పెద్దలందరు తల వంచుకొన్నారని చదివి కన్నీరు పెట్టుకొన్నదానను నేనే.

వైద్యురాలు నా సైగను చూచిరి. చూడనట్లే లేచి నిలిచి, "మంచి మాట అడిగినారమ్మా. లోపలికి రండి. నా ప్రసంగములో అదే లోపము" అనిరి. ఆమె మొదట కదలలేదు. పిదప వచ్చి, కొంగు సవరించుకొని, ముందు వరుసకెదురుగా నిలిచినది. వైద్యురాలు వివరముగా చెప్పిరి. నీటికి కరవున్న చోట పారబోయ నక్కరలేదు. పాత చీరను రెండు మడతలుగా వేసి, దోమ దూరుటకు సందు లేకుండ డ్రమ్ము నోటికి త్రాటితో బిగించి కట్టవలెను. వారమున కొకమారు, డ్రమ్ము అడుగంటిన తరువాత నల్లా నీరు పట్టుటకు ముందు, లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడుగవలెను. గ్రుడ్లు గోడలకంటి యుండును గనుక, రుద్దకుండ తొలిచి పోసిన ప్రయోజనము లేదు.

పిమ్మట వైద్యురాలు మావైపు తిరిగి, "ఈ మందిరములో నిలువనీరెక్కడ నున్నది?" అని యడిగిరి. మేము ఒకరి మొగము లొకరు చూచుకొంటిమి. ఊడ్చునామె మాత్రము నేరుగా కిటికీ యొద్దకు పోయి, మనీప్లాంటు తీగ పెట్టిన గాజుసీసా తెచ్చి బల్లపై నుంచినది. ఆ సీసాను శోభకై అక్కడ నుంచినది నేను. వెలుతురున పట్టి చూడగా నీటిలో సన్నని పురుగులు మెలికలు తిరుగుచుండెను.

అప్పుడు సభ కదలినది. ఒకామె లేచి జ్వరమున ఏ మాత్ర వేయవలెనని యడిగెను. పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వంటివి వైద్యుని యడుగక వేయరాదని సమాధానము వచ్చెను. మఱియొకామె ఎప్పుడు భయపడవలెనని యడిగెను. జ్వరము తగ్గినదని మనము సంతోషించు దినములలోనే యపాయ ముండవచ్చుననియు, విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తము, లేవలేని నీరసము కనబడినచో ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలెననియు చెప్పిరి. ఆనాడు ప్రసంగము అరగంట, ప్రశ్నలు గంట. ఉప్మా చల్లారిపోయెను. ఎవరును దానిని తలంపలేదు.

అందరు పోయిన పిదప నేనామెతో, "అక్కా, నేను సైగ చేసితిని, తప్పు చేసితిని, మనసున పెట్టుకొనకు" అంటిని. ఆమె కుర్చీలు మడచుచునే, "పోనియ్యమ్మా. పోయిన వానకాలం మా మనుమడు ఆ జ్వరంతోనే నాలుగు దినాలు దవాఖానల ఉండె. అందుకే నోరు ఆగలే" అనెను. కొంతసేపూరకుండి, "ఆ లాయరమ్మ వచ్చిన నాడు గూడ ఒక మాట అడగాలని ఉండె. మా నాయన భూమిల నాకు గింతంత గూడ రాలే. అడిగితే మీరేమనుకుంటరోనని ఊకున్న" అనెను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లేచి దీపము వేసి, మా ఫ్రిజ్ వెనుకనున్న పళ్ళెమును లాగి చూచితిని. అందును పురుగులే. మా వారికి చూపి, జరిగినదంతయు చెప్పితిని. ఆయన ఇరువది యేండ్లుగా బడిపంతులు. "పాఠము తెలిసినదా యని నేను ముందు బల్లవారిని అడుగను. వెనుక బల్లవాడు చేయి యెత్తువరకు కనిపెట్టుకొని యుందును" అని మాత్రమనిరి.

మన పురాణముల రీతియు ఇదియే కదా! నైమిశారణ్యమునకు సూతుడు అతిథిగా వచ్చెను. ఊరక వచ్చి చెప్పిపోలేదు. శౌనకాది మునులు అడిగిరి, అతడు చెప్పెను. పరీక్షిత్తు అడిగెను, శుకుడు చెప్పెను. జనకుని సభలో గార్గి లేచి యాజ్ఞవల్క్యు నంతటివానిని అడిగెను. నిత్యము పారాయణము చేయు గ్రంథములలోని మర్యాదను విడిచి, తల లూపుటయే మర్యాదయని నేను భ్రమించితిని.

అటుపిమ్మట మా మండలిలో కొన్ని మార్పులు చేసికొంటిమి. అతిథి రాకకు వారము ముందే సభ్యురాండ్రచేత సందేహములు కాగితములపై పేరు లేకుండ వ్రాయించి పంపుచున్నాము. నలుగురిలో అడుగ సిగ్గుపడు మాట ఆ విధముగా అతిథికి చేరుచున్నది. ప్రసంగమునకు అరగంటయే. మిగిలిన కాలము ప్రశ్నలకు. మేడలోని కాపలాదారు భార్యకును, మా యిండ్లలో పనిచేయువారికిని గూడ కుర్చీలు వేయుచున్నాము. కాఫీ గిన్నెలు వంతుల చొప్పున మేమే కడుగుచున్నాము. దీనికి అందరును సమ్మతించిరనుట సత్యము కాదు. ఇద్దరు మండలికి వచ్చుట మానిరి. వారి యిండ్లకు పోయి పిలిచితిని. ఇంకను రాలేదు.

న్యాయవాదినిని మరల వేడుకొని పిలిపించితిమి. ఈ మారు ఊడ్చునామె కూర్చుండియే యడిగెను. తండ్రి యెప్పుడు గతించెను, భూమి పంపకము జరిగినదా, జరిగినచో కాగితములున్నవా యని న్యాయవాదిని ఒక్కొక్కటిగా విచారించిరి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ననుసరించి, స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము లభించుననియు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు, 15100 అను సంఖ్యకు ఫోను చేసినను త్రోవ చెప్పుదురనియు తెలిపిరి. ఈ మాట మొదటి ప్రసంగమున రాలేదు. మాలో నెవరును అడుగలేదు గనుక రాలేదు. ఆమె దరఖాస్తు పెట్టినది. అది యింకను నడుచుచున్నది. భూమి వచ్చునో రాదో యెవరు చెప్పగలరు? అన్నదమ్ములు మాటలాడుట మానిరని చెప్పి ఒకనాడు కంట తడి పెట్టుకొన్నది. ఐనను దరఖాస్తు వెనుకకు తీసికొనలేదు.

ఇప్పుడు ఎంత గొప్ప ప్రసంగమైనను చేతిలోని ఫోనులోనే వినవచ్చును కదా, మెట్లెక్కి ఈ మందిరమునకు పోనేల యని మా యిరుగు పొరుగువారు నన్నడుగుదురు. ఫోను చెప్పుటయే కాని, మన బస్తీలో నల్లా ఎప్పుడు వచ్చునో దానికి తెలియదు. వాకిలి కడ నిలిచినవారి గొంతు దానికి వినబడదు.

మీ యూరనుగూడ ఇట్టి మండలి యుండవచ్చును. లేకున్న పదిమంది కూడి పెట్టుకొనవచ్చును. మంచి యతిథిని పిలువుడు, దండ వేయుడు, శ్రద్ధగా వినుడు. వందన సమర్పణమునకు లేచుటకు ముందు మాత్రము ఒక్కమారు వాకిలివైపు చూడుడు. అక్కడ నెవరైనను నిలిచి యున్నచో, లోపలికి పిలిచి కుర్చీ వేయుడు.

క్రిందటి శనివారము నేను పోవుసరికి మందిరపు తలుపులు తెరచి యుండెను. కిటికీలో గాజుసీసా లేదు. మనీప్లాంటు తీగను ఆమె ఒక మట్టికుండీలో నాటినది. కొత్త చిగురు వేసినది. "ఇప్పుడు మంచిగున్నదమ్మా" అని, చీపురు మూల నుంచి, చేతులు కడుగుకొని, వచ్చి రెండవ వరుసలో తన చోట కూర్చున్నది.